చాలన్న కబురు

ఆ బోను అక్కడ పెట్టకు కెండ్రా, ఆవిరి తగులుతుంది.
ఎలుకలకి ఉక్క పడదు.
ఈ మెయిన్ తీరం చలిలో పుట్టిన నాకూ పడదు.

ముప్పై ఏళ్లుగా కడుగుతున్నాను ఈ బోన్లు.
రంపపు పొట్టు మారుస్తాను, నీళ్ల సీసాలు నింపుతాను,
ఏది ఎంత తిందో గ్రాముల్లో రాస్తాను.
నా సంగతి మాత్రం ఎవరూ తూచకుండానే రాసేశారు:
ఓడెట్‌కి నోరు కట్టుకోవడం రాదు, అని.

ఒక చలికాలం
రెండేసి ఎలుకల్ని పక్కకి పక్క చేర్చి కుట్టారు,
దీని నెత్తురు దానిలోకి
మెల్లగా పాకేలా.
ఒకటి బండది, దొర్లించిన పిండిముద్ద.
ఒకటి మామూలుది, చేతిలో పెడితే బరువే తెలియదు.
బండదాని యావ రెండోదానికీ అంటుకుంటుందనుకున్నాను.

అంటుకోలేదు.
మామూలుది తినడం మానేసింది.
బిళ్లలు మూతి కిందే ఉన్నాయి,
మూతి తిప్పేసుకుంది.
పక్కనే, దాని చర్మానికి చర్మం కుట్టిన చోటే,
రెండోది కరకరా నములుతూనే ఉంది.
మూడో వారం దాటకుండానే పోయింది.
కోసి చూశారు. పేగుల్లో గింజంత లేదు.

నేను చదువుకున్నదాన్ని కాదు.
అడిగి అడిగి తెలుసుకున్నాను.
కొవ్వు ఊరికే కూర్చోదట.
దాని ప్రతి కణమూ నెత్తుట్లోకి ఒక కబురు వదులుతుందట:
ఇక్కడ నిండింది, చాలు.
ఆ కబురు మెదడు అడుగున ఒక కణం గుమ్మం తడుతుంది.
లోపల ఒకరి చేతినుంచి ఒకరి చేతికి,
మా సార్డీన్ ఫ్యాక్టరీలో డబ్బాలు అందించుకున్నట్టు,
నడిమింటి దాకా చేరుతుంది.
అప్పుడు దవడ ఆగుతుంది.

బండదానికి ఆ గుమ్మమే లేదు.
పాపం కొవ్వు గొంతు పెంచింది, ఇంకా పెంచింది.
ఆ కేకలన్నీ కుట్టు దాటి వెళ్లి
వినగలిగిన దాని చెవిన పడ్డాయి.
తనది కాని కడుపు నిండిందని విని
అది ఆకలితో పోయింది.

అప్పుడా కబురుకి పేరు లేదు.
మొన్న పెట్టారు, పేపర్లో వచ్చింది.
పై అంతస్తులో మనుషుల నెత్తురు కావాలంటే
నేనూ చెయ్యి చాపాను.
మీలో కబురుకి కొదవలేదండీ, అన్నాడు ఆ కుర్రాడు,
చెవే కొంచెం మొద్దుబారింది.
కొంచెం అనడం వాడి మర్యాద.

లూసియెన్ నా చెల్లెలు. ఒకే మంచం, ఒకే దుప్పటి,
ఒకే కుండలో బఠాణీల సూపు.
తను రెండు గరిటెలకే గిన్నె తోసేసేది.
లూసియెన్‌ది బుద్ధి, అనేది అమ్మ.
నాది ఏమిటో అనేది కాదు, గరిటె లాక్కునేది.
పెద్దయ్యాక ఆ పని లూసియెన్ తీసుకుంది:
ఇక చాలు ఓడెట్. చాలు.
యాభై ఏళ్లు నా బదులు తనే విన్నట్టు.

పోయిన అక్టోబర్లో ఆసుపత్రిలో
తనకి ఏదీ సహించలేదు.
చెంచా తెస్తే మూతి తిప్పేసుకుంది.
అలా తిప్పడం నేనెక్కడ చూశానో నాకు తెలుసు.
పక్క కుర్చీలో కూర్చుని నేను శాండ్‌విచ్ తింటున్నాను,
మధ్యాహ్నమైంది, ఆకలేసింది, అంతే.
నర్సు నావైపు చూసింది.
సగంలో ఆపి కాగితం మడవబోయాను.

బావుందా? అడిగింది లూసియెన్.
తల ఊపాను.
మొత్తం తిను, నేను చూస్తాను.

తిన్నాను.
ఏడుస్తూ తినడం కష్టం కెండ్రా, గొంతులో ఉప్పు అడ్డుపడుతుంది,
అయినా తిన్నాను.

సరే, ఆ చివరి బోను ఇలా ఇవ్వు.
ఇది ఆ బండవాళ్ల వంశమే.
గిన్నె నిండా వెయ్యి.
రేప్పొద్దున తూచి
ఎంత తిందో అంతే రాయి.
పక్కన ఇంకేమీ రాయకు.